ఎవరి పేరున గోధుమలు

రాయండి, ఇన్‌స్పెక్టరు గారూ. క్రీటు దీవిలో ఈతకొలనున్న ఆ విల్లా నాదే. వేసవి అతిథులు దిగితే చాలు, నా కొడుకు మనూసోస్ నన్ను వెనక సామాన్ల గదిలో పెట్టి తాళం వేస్తాడు.

"నీ నోటికి వాళ్ళు పారిపోతారే అమ్మా" అంటాడు. నిజమే కాబోలని ఊరుకున్నాను.

శనివారం గోధుమలు నా గదిలోకే తెచ్చిచ్చి, అక్కడి పొయ్యి మీద ఉడకబెట్టమన్నాడు, మా ఆచారం ప్రకారం చచ్చినవాళ్ళ పేరున పంచడానికి.

"ఎవరు పోయార్రా?"

"ఎవరో ముసల్దిలే."

జాలేసి బాదంపప్పు, ఎండుద్రాక్ష రెండు గుప్పిళ్ళు ఎక్కువే వేశాను.

సాయంత్రం కొలనులోంచి తడిబట్టలతో వచ్చిన ఏథెన్సు అమ్మాయి నా కిటికీలోంచి ఆ గోధుమల గిన్నె అందించింది.

"తినండి పెద్దమ్మా. ఈ ఇంటావిడ పోయి ఏడాదైందట. వాళ్ళబ్బాయి ఒకటే ఏడుపు, పాపం."

"ఆ పోయినదాన్ని నేనేనమ్మా" అన్నాను. "ముందు ఈ తాళం తియ్యి."