బొమ్మకి ముఖం

పెళ్లైన ఇన్నేళ్లకు మొగుడు తనను ఫోటో తీస్తానన్నాడు.

"గోడల మీది పెచ్చులూ, తుప్పు రేకులూ తీయడం అయిపోయిందా ఏంటి మీకు?" అంటూనే ఆమె మురిసిపోయి చీర మార్చుకుని వచ్చింది.

ఆ ఫోటో ఒక కంప్యూటర్ గేమ్ కోసం. చిన్నప్పుడు అతను ఆడిన యుద్ధాల గేమ్ అది. పాతది కాబట్టి అందులో మనుషుల ముఖాలన్నీ మసక మచ్చలే. ఆఫీసు నుంచి రాగానే అతను తను తీసిన ఫోటోలు ముందేసుకుని అందులోని రాళ్లూ, గుడ్డలూ, ముఖాలూ కొత్తగా చేసి, ఆ గేమ్ అభిమానులకు ఊరికే పంచుతుంటాడు. తగలబడే ఇంట్లోంచి పరిగెత్తే ఆడమనిషి ముఖమొక్కటే మిగిలింది.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నవ్వనా?"

"వద్దు. ఇటు చూడు చాలు." కెమెరా కంటికి ఆనించుకుని అన్నాడు. "మీ తమ్ముడికి యాక్సిడెంటయిందట. పోయాడట."

క్లిక్. క్లిక్. క్లిక్.

"అబద్ధంలే! ఎంత బాగా వచ్చిందో చూడు. నటించమంటే వచ్చేదా ఇది?"

ఆమె తమ్ముడికి ఫోన్ చేసి, "హలో" అన్న గొంతు విని, మాట్లాడకుండా పెట్టేసింది.

ఆ ముఖాన్ని అభిమానులు ఆకాశానికెత్తేశారు. బొమ్మకి ప్రాణం పోశావన్నారు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, అతను తడుస్తూ ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"మీ తమ్ముడు... బండి మీద వెళ్తుంటే... లారీ..."

ఆమె కుర్చీని కిటికీ పక్కకు లాక్కుని కూర్చుంది. జుట్టు సవరించుకుని, ముఖం వెలుగులోకి తిప్పింది.

"ఈసారి ఏ బొమ్మకండీ?"