కనకాంబరానికి వాసనెందుకు లేదు

కాఫీ గ్లాసు కింద పెట్టకముందే సాకమ్మవ్వ తిరుమలేశ్‌ను పట్టుకుంది.

"కనకాంబరానికి ఆ పేరు ఎట్ల వచ్చింది నాయనా? దాని అర్థమేంది?"

పాపిరెడ్డిపట్టి నుంచి కడత్తూరుకు పిల్లను చూడ్డానికి వచ్చినవాణ్ణి ఏం పని చేస్తావు, ఇల్లు సొంతమా అని అడగాలిగానీ పూల పేర్లు అడుగుతారా? టైల్సు పరచడం గురించైతే తిరుమలేశ్ పొద్దు గూకేదాకా చెప్పగలడు. ఆ ఇంట్లో అవ్వ మాటే మాట అనీ, ఇప్పటికే ఇద్దరిని కాఫీతో సరిపెట్టి సాగనంపిందనీ సంబంధం తెచ్చిన రాజేంద్రన్ మామ బస్సులో దారి పొడుగునా భయపెట్టాడు. ఎదురుగా అవ్వ మనవరాలు మాదేశ్వరి, జడలో మూరెడు కనకాంబరాలతో నిలబడి ఉంది. ఆ పిల్లను చూశాక, తెలియదని చెప్పి లేచిపోవడానికి అతనికి మనసొప్పలేదు. నోటికొచ్చింది అందుకున్నాడు.

"కనకడని ఒక రాజు కొడుకు ఉన్నాడవ్వా. అంబరమని పూలు కట్టే పిల్ల. ఇద్దరికీ ఇష్టమైపోయింది. వాళ్లు కలుసుకునే చోట మొలిచిన పువ్వుకు ఇద్దరి పేర్లూ కలిపి పెట్టినారు."

అవ్వ కళ్లజోడు సర్దుకుంది. "మరి దానికి వాసన లేదే?"

తిరుమలేశ్‌కు అప్పటికే ఊపు వచ్చేసింది. "పెద్దోళ్లు పెండ్లికి ఒప్పుకోలేదవ్వా. ఆ దిగులుకే వాసన పోయింది," అని మాదేశ్వరి వైపు ఓరగా చూశాడు.

మామ నేల చూపులు చూశాడు. అవ్వ మాత్రం కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఒక్క ముక్క పోకుండా రాయమని మనవరాలికి చెప్పింది. ఆ రాజుది ఏ ఊరని అడిగింది, వత్తల్‌మలై అన్నాడు. ఏ కాలమని అడిగింది, శానా పాతకాలమన్నాడు. రాసిందంతా రెండుసార్లు చదివించుకుని, కాగితం మడిచి నడుముకు దోపుకుంది.

"ఇది తప్పయితే పది మందిలో నా మానం పోతాది, చూసుకో," అంది.

ఇంటి పరువంటే ఈ ముసలామెకు ఎంత పట్టింపో అనుకుంటూ తిరుమలేశ్ అక్షరాలా నిజమేనన్నట్టు గట్టిగా తలూపాడు. పిల్లోడు తెలివైనోడేనని, ఎల్లుండి వచ్చి తాంబూలాలు మార్చుకోమని అవ్వ తేల్చేసింది.

అతనికి కాలు నేల మీద నిలవలేదు. కట్టుకథతో కన్యను గెలుచుకున్న మొనగాడు తమ వంశంలో తానొక్కడే అనుకుని మురిసిపోయాడు. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే నీళ్లచెంబు నెపంతో మాదేశ్వరి వచ్చింది. ఆ కథ మీకెవరు చెప్పారని మెల్లగా అడిగింది. కాబోయే పెళ్లాం దగ్గర దాపరికమెందుకని, అప్పటికప్పుడు అల్లిందేనని మీసం దువ్వుకుంటూ ఒప్పుకున్నాడు. పాపం, ఆ పిల్ల మొహంలో నవ్వు ఆరిపోయింది.

"రేపు ముసలోళ్ల బడిలో అవ్వకు ఈ పూల పేరు మీదే పరీక్ష ఉండాది."