ఇండెక్సు దొంగ

మనోజ్ఞ రాసిన కోడు కొట్టెయ్యాలని దుర్గాశంకర్ నిశ్చయించుకున్నాడు. మనస్సాక్షి అడ్డం రాలేదా అంటే, వచ్చింది. టీమ్ లీడ్ పోస్టు సంగతి చెప్పి దాన్ని ఓ మూల కూర్చోబెట్టాడు.

బెంజ్ సర్కిల్ దగ్గర వాళ్ల ఆఫీసు. చేనేత సంఘాల చీరల వివరాలు లక్ష ఎక్స్ఎమ్ఎల్ డాక్యుమెంట్లుగా దాచి, అడిగింది వెతికిపెట్టడం వాళ్ల పని. వెతికే ప్రోగ్రాం ఓపెన్ సోర్సుది, అంటే ఊరికే దొరికేది, ఎవరైనా మెరుగులు దిద్ది దాన్ని నడిపేవాళ్లకి పంపొచ్చు. ఒక్క నెమలి అంచు కావాలన్నా మొదటి డాక్యుమెంటు నుంచి చివరిదాకా చదివేది పాపం. ఈలోపు గుణదల వెళ్లి రావచ్చు. ఏ మాట ఎక్కడుందో ముందే రాసిపెట్టుకునే ఇండెక్సు దానికి చేర్చినవాళ్లకే లీడ్ పోస్టని మేనేజరు వెంకటకృష్ణారావుగారు చెప్పేశారు.

పక్క సీటు మనోజ్ఞ ఆ పని పూర్తిచేసేసిందని దుర్గాశంకర్ పసిగట్టాడు. పైగా ఆ పిల్ల రోజూ ఒంటిగంటకి కంప్యూటర్ తెరిచిపెట్టే భోజనానికి వెళ్తుంది. ఈ రోజుల్లో కూడా ఇంత అమాయకులుంటారా అని జాలిపడ్డాడు. జాలిపడుతూనే మొత్తం కాపీ చేసుకున్నాడు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ప్రతి లైనుకీ పక్కన వివరణ కూడా ఉంది.

ఓపెన్ సోర్సులో ఎవరు పంపితే వాళ్ల పేరే పడుతుంది. తన పేరుతో పంపేశాడు. ఆ ప్రాజెక్టువాళ్లు వారంలో మెచ్చుకుని చేర్చుకున్నారు.

గురువారం మీటింగులో నెమలి అంచు చిటికెలో దొరికింది. అందరూ చప్పట్లు కొడుతుంటే దుర్గాశంకర్ ఓరకంట మనోజ్ఞనే చూస్తున్నాడు. ఆమె నోరు తెరిచిందంటే పోస్టు సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం ఊడుతుంది.

నువ్వూ ఇదే చేస్తున్నావు కదమ్మా అని మేనేజరు ఆమెని అడిగారు. తనది సగంలోనే ఆగిపోయిందనీ, ఇదంతా దుర్గాశంకర్ గారి సొంత తెలివేననీ చెప్పింది. ఎంత మంచి పిల్ల అని అతనికి కళ్లు చెమర్చినంత పనైంది.

"ఈ అమ్మాయి లేకపోయినా నువ్వొక్కడివే చూసుకోగలవా?" అన్నారు మేనేజరు.

"ప్రతి అక్షరం నేను రాసిందే కదండీ."

వెంకటకృష్ణారావుగారు నిట్టూర్చి, ఫైల్లోంచి ఓ కాగితం తీసి, సంతకం పెట్టి మనోజ్ఞ చేతికిచ్చారు. అది ఆమె రిలీవింగ్ లెటర్. హైదరాబాదులో మంచి ఉద్యోగం వచ్చినా, ఈ ఇండెక్సు పని తెలిసిన ఇంకో మనిషి దొరికితేగాని వదలనని ఆయన దాన్ని నాలుగు నెలలుగా తొక్కిపెట్టారు.

మనోజ్ఞ దాన్ని భద్రంగా బ్యాగులో పెట్టుకుని దుర్గాశంకర్ దగ్గరికొచ్చింది.

"ఇంత ఆలస్యం చేశారేంటండీ? కార్తీక సోమవారాలు ఉపవాసముండి కూడా మీ కోసం ఒంటిగంటకల్లా భోజనానికి వెళ్లాను."