ద్రోహి ముఖం

గీసిన ముఖాన్ని మళ్ళీ కత్తితో గీకేశాడు టోర్కెల్ హేగర్మన్.

స్టాక్‌హోమ్ చిత్రకళా అకాడమీ అతనికి గెలిచిన రాజుల్ని గీయడం నేర్పింది. పారిస్ గురువు మాత్రం, "ఓడినవాణ్ణి గీసినప్పుడే నీ పనితనం తెలిసేది" అన్నాడు.

ఆ మాట పట్టుకునే ఇంత పెద్ద బొమ్మ మొదలుపెట్టాడు. అరవై ఏళ్ళ కిందటి యుద్ధంలో తమ దేశపు గ్రాన్‌హోమ్ కోట తాళాలు రష్యన్ల చేతిలో పెట్టిన సేనాని రూత్‌ఫెల్ట్ బొమ్మ. దేశమంతా ద్రోహి అని ఉమ్మేసే మనిషి.

ఎవరో తలుపు తట్టారు. గుమ్మంలో ఒక ముసలాయన. మాసిన కోటు, టోపీ మీద మంచు.

"బొమ్మకి నిలబడే మనిషి కావాలన్నారట."

ఆ ముక్కు, ఆ కళ్ళు చూడగానే టోర్కెల్‌కి ప్రాణం లేచివచ్చింది.

"రండి పెద్దాయనా, పొయ్యి దగ్గరికి రండి. మీ పేరు?"

"బెర్గ్‌వాల్ అంటారు."

చలికాలమంతా వచ్చాడాయన. కాఫీ తాగి, చెప్పినట్టు నిలబడేవాడు.

ఒకరోజు స్నేహితుడు యల్మార్ వచ్చి బొమ్మనీ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"ఎక్కడ పట్టావురా ఈ ద్రోహిని? అచ్చు గుద్దినట్టున్నాడు."

యల్మార్ వెళ్ళిపోయాక ముసలాయన నెమ్మదిగా అడిగాడు.

"అయ్యా, తాళాలిచ్చేటప్పుడు ఆయన నవ్వాడని ఎవరైనా రాశారా?"

"లేదే."

"మీ బొమ్మలో నవ్వుతున్నాడు."

టోర్కెల్ పరీక్షగా చూశాడు. నిజమే. పెదవి చివర, తనకు తెలియకుండానే ఒక వెకిలి నవ్వు పెట్టేశాడు.

"కోటలో తిండి అయిపోయిందట. ఆడవాళ్ళు, పసిపిల్లలు. నవ్వొచ్చి ఉండదు," అన్నాడు ముసలాయన.

టోర్కెల్ ఆ నవ్వు చెరిపేశాడు. ముఖం అప్పుడు కుదిరింది.

పారిస్‌లో ఆ బొమ్మకు పతకం వచ్చింది. చూడవచ్చినవాళ్ళంతా ఆ ముఖం దగ్గరే ఆగిపోయారు.

శరత్కాలంలో స్టాక్‌హోమ్ తిరిగిరాగానే మంచి ఉన్నికోటు కొని, సోడర్ గుట్టెక్కి ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు టోర్కెల్.

ఇంటి యజమానురాలు తలుపు తీసింది.

"పోయిన నెలలోనే పోయారు బాబూ. నిద్రలోనే."

టోర్కెల్ కోటు మూటతో మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆయనకి కృతజ్ఞత చెప్పుకుందామని వచ్చానమ్మా. ఆయన లేకపోతే ఆ బొమ్మ లేదు."

"ఆయనా మీకు చెప్పాలనే అనుకునేవారు. బొమ్మని ఓడెక్కించేముందు ఇక్కడ జనానికి చూపించారుగా, నన్నూ తీసుకెళ్ళారు. టోపీ తీసి ఎంతసేపు నిలబడ్డారనీ."

"ఏమన్నారమ్మా?"

"'ఇన్నేళ్ళకి ఒక్కడు మా నాన్నని మనిషిలా చూశాడమ్మా' అన్నారు."