మూడో మెట్టు

"మూడో మెట్టు పూర్తిగా పుచ్చిపోయింది. ఈ ఏడాది మార్చాల్సిందే," అన్నాడు ఎమెట్ రస్క్, ఓక్ చెక్కకు చిత్రిక పడుతూ.

ఆయనకు డెబ్భై ఆరేళ్లు. ఇండియానాలోని ఆ చిన్న కాలేజీ ఊళ్లో, నూరేళ్ల నాటి ఫ్రాటర్నిటీ ఇంటికి, అంటే ఒక విద్యార్థి సంఘం సభ్యులు కలిసి ఉండే ఇంటికి, ముప్పై ఏళ్లుగా ఆయనే మరమ్మతులు చేస్తున్నాడు. కూలి ఎన్నడూ తీసుకోలేదు. ఏటా మంచు కరగగానే పనిముట్ల పెట్టెతో వచ్చేస్తాడు.

ఆ ఇంట్లో ఉండే విద్యార్థుల అధ్యక్షుడు గారెట్, పాత రిజిస్టరు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. శనివారం ఇంటికి శతాబ్ది వేడుక. ఇంటి చరిత్ర రాసే పని అతని మీద పడింది.

"రస్క్ గారూ, మిమ్మల్ని ఒట్టి వడ్రంగి అనుకున్నాం. 1957లో మీరూ ఇక్కడి సభ్యులేనట. చెప్పలేదేం?"

ఎమెట్ చేయి ఆగింది. "చెప్పుకునేంత కాలం ఉండలేదులే."

"లూషియస్ బెల్ పేరు ప్రతిపాదించింది మీరేనని రాసుంది. ఈ ఇంటికి దరఖాస్తు పెట్టిన మొదటి నల్లజాతి విద్యార్థి."

"ల్యాబులో నా పక్క బల్ల అతనిది. నా తప్పులన్నీ దిద్దేవాడు. నేనే వెంటపడి ఒప్పించాను. చేరితే నా గదిలోనే ఉంటానన్నాడు."

గారెట్ పేజీ తిప్పాడు. అప్పట్లో సభ్యులంతా రహస్యంగా పెట్టెలో తలా ఒక గోళీ వేసేవారు. తెల్లదైతే ఒప్పుకున్నట్టు. నల్లది ఒక్కటి పడినా కుదరదన్నట్టు. ఆ రోజు పడినవి ముప్పై ఒక్క తెల్లవి, ఒక నల్లది.

"అతను ఇదిగో, ఈ మెట్టు మీదే కూర్చుని ఎదురుచూశాడు," అన్నాడు ఎమెట్. "కబురు నేనే చెప్పాను. 'నీ వంతు నువ్వు చేశావులే' అని నా భుజం తట్టి వెళ్లాడు. ఆ నెలలోనే చదువు మానేశాడు."

"వారం తిరక్కుండా మీరూ ఇల్లు వదిలేశారు. అలాంటివాళ్ల మధ్య ఎవరుంటారు లెండి. అందుకే మేమంతా అనుకున్నాం, ఇత్తడి పలక మీద మీ పేరు చెక్కించి గోడకు పెడతాం. శనివారం మీరు తప్పకుండా రావాలి."

"వద్దు, గారెట్."

"మొహమాటపడకండి. ఎవడో ఒక్కడి బుద్ధి వంకరైతే మీరేం చేస్తారు?"

ఎమెట్ కొత్త చెక్కను మెట్టు మీద అమర్చి, అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"ఆ ఒక్కణ్ణి నేనే."