నడిమింటి గవాక్షి

“దక్షిణానికి పెడితే ఈ గవాక్షి మూతపడాల్సిందే అన్నా. ఇంకో దోవ లేదు,” అన్నాడు పేతురు. సోలార్ ప్యానెళ్ళు బిగించడం అతని పని.

రంగనాయకులు మిద్దె నడుమ ఉన్న గవాక్షి చుట్టూ మళ్ళీ ఒకసారి తిరిగాడు. అద్దం బిగించిన ఆ కంత ఒక్కటే కింద నడిమింటికి వెలుతురు. అటూ ఇటూ అంగళ్ళ గోడలు, ఆ గదికి కిటికీ లేదు. అతని తల్లి రామతులసమ్మ పొద్దంతా అక్కడే కూర్చుంటుంది.

“తూర్పుకు తిప్పితే?”

“నీళ్ళ ట్యాంకు నీడ పడతాది.”

“పడమటికి?”

“పెట్టొచ్చు. కరెంటు తగ్గుతాది, ఏసీకి చాలదు. ఆనక నన్ను తిట్టగాకండి.”

జయలక్ష్మి టీ గ్లాసులతో మెట్లెక్కి వచ్చింది. పొద్దుటి నుంచీ ఎక్కడం, ఇవే మాటలు వినడం, దిగడం. కిందటేడు నుంచి అత్త మోకాళ్ళ నొప్పులని వంటింట్లోకి రావడం మానేసింది. గిద్దలూరు ఎండాకాలంలో పొయ్యి ముందు ఒంటరిగా నిలబడటం తలుచుకుంటేనే ఆమెకు నీరసం వస్తుంది. ప్యానెళ్ళు పెడితే ఈ ఏడన్నా ఏసీ కొందామన్నాడు భర్త. ఆ మాటే పట్టుకుని ఉందామె.

“ఏంది, ఇంకా దిక్కులు చూస్తానే ఉన్నారా?”

“అమ్మకు చీకటైపోతాదే,” అన్నాడు రంగనాయకులు.

“లైటేసుకుంటే పోలా? కరెంటు మన మిద్దె మీదే పుడతాది గదా.”

“లైటూ ఎండా ఒకటేనా? నలభై ఏండ్ల నుంచి ఆ వెలుతురు కిందే కూర్చునింది.”

“సూర్యుడికి మీ అమ్మ సంగతి తెలవదన్నా. ఆయన దక్షిణం దిక్కే నడుస్తాడు,” అన్నాడు పేతురు టీ ఊదుకుంటూ.

“ఆమెనే అడుగుదాం పాండి,” అంది జయలక్ష్మి.

ముగ్గురూ దిగారు. రామతులసమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడుముతూ కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. అడుగుల చప్పుడుకు తలెత్తింది.

“ఎవురు? జయా? పనోళ్ళకు టీ ఇచ్చినావా?”

రంగనాయకులు సంగతి చెప్పాడు.

“మూసేయండి నాయనా. నాకేం పని వెలుతురుతో? ఆ పిల్ల పొయ్యి కాడ ఉడికిపోతా ఉంది.”

జయలక్ష్మి కొంగుతో మొగం తుడుచుకుంది. వద్దంటే పోట్లాడొచ్చు. ఇట్లా ఒప్పుకుంటే ఏం చేయాలి?

మళ్ళీ పైకి వచ్చారు.

“అవ్వ సరేననింది గదా. మొదలుపెట్టనా?” అన్నాడు పేతురు.

రంగనాయకులు ట్యాంకు వైపు చూస్తూ నిలబడ్డాడు.

“పడమటికే పెట్టు,” అంది జయలక్ష్మి.

“పొద్దుటి నుంచి దక్షిణం, దక్షిణమని నువ్వే గదక్కా...”

“పెట్టమన్నా గదా. అత్త కోసరం కాదులే. మీ అన్న మొగం చూడలేక.”

రంగనాయకులు ఖాళీ గ్లాసులు తనే ఏరి కిందికి తీసుకుపోయాడు. పెళ్ళయినప్పటి నుంచీ అతను గ్లాసు తీయడం ఆమె చూడలేదు.

డ్రిల్లు మోతతో మిద్దె అదిరింది. పొద్దు వాలకముందే పని ముగిసింది. పోతూ పోతూ పేతురు గవాక్షి అద్దం మీది దుమ్ము కూడా శుభ్రంగా తుడిచాడు.

జయలక్ష్మి నడుం పట్టుకుని మెట్లు దిగింది. ఈ ఎండాకాలమూ ఫ్యానుతోనే. పోనీలే అనుకుంది.

నడిమింట్లో అత్త ఎదుటి గోడ మీద చాపంత వెలుగు పరుచుకుని ఉంది. ఆ గది అంత వెలుగ్గా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. రామతులసమ్మ ముఖం తిన్నగా దానివైపే ఉంది. చూసేసరికి జయలక్ష్మికి ఆ పూట పడ్డ అలసట కొంచెం తేలికైంది.

అడుగుల చప్పుడు విని రామతులసమ్మ మెల్లగా అడిగింది.

“గవాక్షి మూసేసినారా, జయా?”