పాతపేట వీరగల్లు

సిద్దప్ప చేతిలో ఉన్నది ఒక సమ్మెట, నెల్లాళ్లుగా ముదిరిన కోపం. అంతే.

పుంగనూరు పాతపేట మలుపులో, తన సోడా అంగడి ఎదురుగా, గుర్రం మీద కత్తి దూసిన వీరుడి రాయి ముందు నిలబడ్డాడు. రాయి పక్కనే ఇనుప బోర్డు: ‘ఇది నకలు. అసలు వీరగల్లు మదనపల్లె మ్యూజియంలో ఉంది.’

“వద్దు సిద్దప్పన్నా, గవర్నమెంటు సొత్తు” అంటూ టీ అంగడి అమానుల్లా అతని చెయ్యి పట్టుకున్నాడు.

“యాడి గవర్నమెంటు? మా వంశపోళ్ల రాయప్పా అది! కడిగి తెస్తామని ఎత్తుకపోయి, కుప్పంలో చెక్కించిన ఈ బండను తెచ్చి నాటినారు. మా దేవుడు నూనె, పసుపు పట్టి నల్లగా నిగనిగలాడతాండె. దీన్ని సూడు, చాకిరేవు బండ మాదిరి!”

“ఆదివారమైతే బెంగళూరోళ్లు రాయెక్కి ఫోటోలు దిగుతాండ్రి గదన్నా. గుర్రం చెవి గూడా ఇరిసిరి. అందుకే తీసుకపోయినారు.”

“ఎక్కినోళ్లను దించాల గానీ దేవున్ని తీసుకపోతారా? ఇరిగిన చెవిని గూడా అట్లే దించినారు సూడు, దొంగలు! ఇప్పుడా బోర్డు సదివి ఒక్కడన్నా ఈడ నిలబడతాండాడా? కారు తిప్పుకోని మదనపల్లెకు పోతాండారు. నీ టీ తాగేదెవరు?”

అమానుల్లా చెయ్యి వదిలేశాడు.

సిద్దప్ప కోపంలోనూ లెక్క మరిచే మనిషి కాడు. అర్జీలు పెట్టుకుంటే ఏళ్లు గడుస్తాయి. నకలు పగిలితే దసరాకు పూజ ఉండదు, పేటంతా తిరగబడుతుంది, అసలును తెచ్చిపెట్టక మ్యూజియం వాళ్లకు గతి లేదు. పోయేది జరిమానా. వచ్చేది దేవుడూ, బేరమూ.

సమ్మెట లేచింది. మొదటి దెబ్బకు గుర్రం మెడ విరిగింది. ఆ తర్వాత వీరుడి కత్తి, ముఖం. చివరికి రాయి నిలువునా చీలిపోయింది.

“దొంగరాయి!” అని దాని మీద ఉమ్మేశాడు.

ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. గంట లోపే మ్యూజియం అధికారి రాజేశ్వరి జీపు దిగి పరుగెత్తుకొచ్చి, ముక్కల మధ్య కూలబడింది. వీరుడి చెంప ముక్కను ఒళ్లోకి తీసుకుంది.

“యాల మేడమ్ ఏడస్తాండారు? కుప్పంలో ఇంకోటి చెక్కించుకోండి. జరిమానా యెంతో చెప్పండి, ఇప్పుడే కడతా. మాది మాత్రం మాకు తెచ్చియ్యాల!”

ఆమె తలెత్తలేదు.

“తెచ్చిస్తాను సిద్దప్పా, మ్యూజియంలో ఉండేదాన్ని. మీకింక మిగిలింది అదే. కుప్పంలో చెక్కించింది దాన్నే. జనం చేతులు పడకుండా కాపాడుకోవాలని, నకలు బోర్డు అసలుకే తగిలించినాం.”